ముదిమి ముడుతలు, ఎండ ముడుతలు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల తరగతులలో రోడ్లను గూర్చి, మంచినీటిని గూర్చి, పారిశుద్ధ్యమును గూర్చి మాటలాడుట పరిపాటి. నేడు నేను చెప్పబోవునది చర్మమునకు కలుగు ముదిమిని గూర్చి. ఇది అద్దము ముందు కూర్చుండువారికి కావలసిన విషయమే గాని పొలము పనులు చేసికొనువారికి దీనితో ఏమి పనియని కొందరికి తోచవచ్చును. నిజమునకు చర్మము త్వరగా ముదియునది ఆరుబయట పనిచేయువారికే. నాట్లు వేయు కూలి స్త్రీ, ఉప్పుమడులలో పనిచేయు కార్మికుడు, వల లాగు జాలరి, గొఱ్ఱెల కాపరి, వీరి ముఖములను చూచి వయస్సు చెప్పబోయినచో పదేండ్లు ఎక్కువగా చెప్పుట మనలో చాలమందికి అనుభవమే. కష్టజీవికి ముసలితనము ముందే వచ్చునని మనము సరిపెట్టుకొందుము.

ఇట్లు సరిపెట్టుకొనుట వలన రెండు నష్టములు కలుగుచున్నవి. వయస్సు చేయని పనిని వయస్సుమీద మోపి, నివారించదగిన దానిని నివారింపక విడిచిపెట్టుచున్నాము. ఇది మొదటిది. వ్యాధి వలన వచ్చిన మచ్చను సైతము ముసలితనపు మచ్చయే యనుకొని చికిత్సకు సమయము మించిపోవు వరకు ఉపేక్షించుచున్నాము. ఇది రెండవది, మొదటిదానికంటె పెద్దది. ఈ రెండు నష్టములను తప్పించుకొను మార్గములను చెప్పుటయే నా ఉద్దేశము.

చర్మపు నిర్మాణము

శరీరమునందలి అవయవములలో చర్మము మిక్కిలి పెద్దది. పెరిగిన మనిషి చర్మమును పరచినచో ఇంచుమించు ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్ల వైశాల్యముండును. దీనిలో ముఖ్యముగా రెండు పొరలు కలవు. పైపొర కాగితమువలె పలుచనిది. అడుగుభాగమున కొత్త కణములు పుట్టి, క్రమముగా పైకి వచ్చి, పొట్టువలె రాలిపోవుచుండును. యౌవనమున ఈ పని సుమారు నాలుగు వారములకొకసారి పూర్తియగును. పైపొర అడుగున మెలనిన్ అను రంగు పదార్థమును తయారుచేయు కణములున్నవి. మన చర్మపు రంగు దానివలన కలిగినదే.

లోపలిపొర దళసరిది. చర్మమునకు బలము నిచ్చునది ఈ పొరయే. ఇందు కొల్లాజెన్ అను గట్టి పోగులు, ఎలాస్టిన్ అను సాగు పోగులు అల్లుకొని యుండును. నులకమంచమును తలచుకొనుడు. నులక బిగువుగా ఉన్నంతవరకు మంచము చదునుగా ఉండును. పోగులు తెగి వదులైనచో మంచము గుంటపడును. చర్మము సంగతియు అంతే. ముడుత పైకి కనబడునది గాని, దాని కారణము లోపలి నులకలో ఉన్నది.

కాలము చేయు పని

వయస్సు మీరిన కొలది ప్రతి మనిషి చర్మమునందు కొన్ని మార్పులు తప్పక కలుగును. ఇరువది యేండ్లు దాటిన పిమ్మట కొల్లాజెన్ ఏటేట ఇంచుమించు నూటికి ఒక వంతు చొప్పున తగ్గుచుండును. స్త్రీలకు ముట్లుడిగిన తరువాతి కొలది సంవత్సరములలో ఈ తగ్గుదల మరింత వేగముగా జరుగును. పైపొర కణములు నెమ్మదిగా పుట్టును. నూనె గ్రంథులు, చెమట గ్రంథులు మందగించును. చర్మము క్రింది కొవ్వు తగ్గి బుగ్గలు లోపలికి పోవును.

ఇవి పైకి కనబడు తీరు నెమ్మదియైనది. చర్మము పలుచబడును, పొడిబారును, సన్నని గీతలు పడును. నరములు ఉబ్బి కనిపించును. చిన్న దెబ్బకే కమిలి నల్లబడును. గాయము మానుటకు ఎక్కువ దినములు పట్టును. ముంజేతి వెనుక చర్మమును చిటికెతో పట్టి విడిచినచో పిల్లలకు వెంటనే సర్దుకొనును. వృద్ధులకు కొంతసేపు ముడుతగానే నిలుచును. ఈ మార్పులకు ఎవరును బాధ్యులు కారు. వీనిని ఆపు మందు ఏదియు లేదు. ఆపుదుమని చెప్పువారి మాట నమ్మరాదు.

ఎండ చేయు పని

ఇపుడొక పరీక్ష చేయుదము. ఇచ్చటనున్న నడివయస్సువారు మీ ముంజేతి పైభాగమును చూచుకొనుడు. తరువాత చొక్కా చేతిని పైకి మడిచి దండచేతి లోపలి భాగమును చూడుడు. ఈ రెండు చర్మములును ఒకే దినమున పుట్టినవి, ఒకే ఆహారముతో పెరిగినవి. ఐనను ఒకటి గరుకుగా, మచ్చలతో, నల్లగా ఉన్నది. రెండవది నున్నగా ఉన్నది. వయస్సే కారణమైనచో రెండును ఒకే విధముగా ఉండవలసినది. ఆ తేడా ఎండ తెచ్చినది.

ఈ సంగతిని వైద్యశాస్త్రము మొదట గ్రహించినది శ్రమజీవుల చర్మమును చూచియే. 1894లో పాల్ గెర్సన్ ఉన్నా అను జర్మను వైద్యుడు సముద్రముపై జీవితము గడపిన నావికుల ముఖములపై, చేతులపై కలుగు మార్పులను వర్ణించెను. 1896లో విలియం దుబ్రోయ్ అను ఫ్రెంచి వైద్యుడు బోర్డో ప్రాంతమున ద్రాక్షతోటలలో పనిచేయు కూలీలలో ఎండ తగులు చోటులయందే గరుకు పొలుసులు, పుండ్లు ఏర్పడుచున్నవని చూపెను. ఇటీవల 2012లో అమెరికాలో ఒక వైద్య పత్రికయందు అరువది తొమ్మిదేండ్ల వాహన చోదకుని ముఖచిత్రము ప్రకటితమైనది. ఆయన ఇరువది యెనిమిదేండ్లు సరకుల బండి నడపెను. ఆ దేశమున చోదకుడు ఎడమవైపున కూర్చుండును. కిటికీవైపున నున్న ఎడమ చెంప లోతైన ముడుతలతో నిండియుండగా కుడి చెంప వయస్సుకు తగినట్లే ఉన్నది. మన దేశమున లారీ, బస్సు డ్రైవరులు కుడివైపున కూర్చుందురు. వారు తమ కుడిచేతిని, ఎడమచేతిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును.

ఎండలో ఏమున్నది? కంటికి కనబడని అతినీలలోహిత కిరణములున్నవి. వానిలో భూమిని చేరునవి రెండు రకములు. ఒక రకము పైపొరను కాల్చి ఎఱ్ఱబరచును. రెండవ రకము ఎక్కువ భాగము, సుమారు నూటికి తొంబదియైదు వంతులు. ఇది లోపలిపొర వరకు దిగును, కిటికీ అద్దమునుండి సైతము దూరును. ఈ కిరణములు తగిలినపుడు చర్మమునందు కొల్లాజెన్‌ను తెగగొట్టు పదార్థములు పుట్టును. శరీరము తెగిన పోగులను మరల అల్లును గాని, ఆ అల్లిక మునుపటంత సరిగా ఉండదు. ఇట్లు దినదినము తెగి, దినదినము అతుకువడిన నులక ఇరువది యేండ్లకు ఎట్లుండునో ఊహించుకొనుడు. సాగు పోగులు ముద్దలు కట్టి చర్మము దళసరియై, పసుపు డాలు పొందును. మెడ వెనుక చర్మము బీటలు వారిన చెఱువు నేలవలె చతురస్రములుగా, వజ్రాకారములుగా గీతలు పడును. ముసలి రైతు మెడను చూచిన వారందరు ఈ గీతలను చూచియుందురు.

ఇచట ఒక ముఖ్య విషయము చెప్పవలెను. వేడియే చర్మమును పాడుచేయునని మనవారి నమ్మకము. వేడి వేరు, ఈ కిరణములు వేరు. మాఘమాసమున చలిగాలి వీచు మధ్యాహ్నమునను ఈ కిరణములు పనిచేయుచునే యుండును. పలుచని మబ్బు వీనిని పెద్దగా అడ్డగింపజాలదు. పొడి యిసుక వీనిలో సుమారు నూటికి పదునైదు వంతులను, సముద్రపు నురుగు ఇరువదియైదు వంతులను తిరుగగొట్టునని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కనుకనే సముద్రతీరమున పనిచేయువారికి గొడుగు నీడలో సైతము కొంత కిరణము తగులును.

ఎండ తీవ్రతను తెలిసికొనుటకు యంత్రము అవసరము లేదు. మీ నీడయే సాధనము. మీ నీడ మీకంటె పొడవుగా ఉన్నచో కిరణములు బలహీనము. నీడ మీకంటె పొట్టియైనచో బలమైనవి. మధ్యాహ్నవేళ సాధారణముగా నీడ పొట్టిగా ఉండును. మన తెలుగు ప్రాంతములు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 12 నుండి 20 డిగ్రీల మధ్యనున్నవి. సూర్యుడు ఏటికి రెండు పర్యాయములు సరిగా మన నడినెత్తికి వచ్చును. హైదరాబాదులో మే 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను మధ్యాహ్నవేళ నిటారుగా నిలిపిన కఱ్ఱకు నీడయే పడదు. ఇట్టి దేశమున పుట్టిన వారికి నీడ విలువ చెప్పవలసిన పనిలేదు.

ఎండ శత్రువని నా భావము కాదు. ఎముకల బలమునకు కావలసిన డి విటమిను ఎండ వలననే చర్మమునందు తయారగును. ఆరుబయట పనిచేయువారికి తిరుగుచు పనిచేయుచు ఉన్నప్పుడు తగులు ఎండ చాలును. నడి మధ్యాహ్నపు ఎండను గంటలకొలది భరించుట వలన అదనపు లాభమేమియు లేదు.

మన రంగు చర్మమునందలి గుర్తులు

మెలనిన్ సహజమైన గొడుగు. ముదురు రంగు చర్మమునకు ఎండ వలన వచ్చు ముడుతలు తెల్లజాతివారికంటె ఆలస్యముగా వచ్చును. చర్మపు కాన్సరు కూడ మనలో అరుదు. నల్లని చర్మమును తక్కువగా చూచువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

కాని గొడుగున్నంత మాత్రమున పూర్తి రక్షణ లేదు. మనలో ఎండ చేయు హాని మొదట ముడుతగా గాక రంగు మార్పుగా కనబడును. బుగ్గలపై, ముక్కుపై మంగు మచ్చలు పడును. ఇవి స్త్రీలకు ఎక్కువ. గర్భవతులకు మొదలై, ఎండ వలన ముదురును. నుదురు, కణతలు మిగిలిన ముఖముకంటె నల్లబడును. చేతుల వెనుక చిన్న చిన్న నల్లమచ్చలును, వానితో పాటు బియ్యపుగింజంత తెల్లని చుక్కలును ఏర్పడును. నలుబది యేండ్ల తరువాత ముఖముపై, మెడపై పులిపిరులవంటి నల్లని బుడిపెలు లేచును. ఇవి వంశపారంపర్యముగా వచ్చునవి, హానిలేనివి. వానిని సున్నముతో, ఆసిడ్‌తో కాల్చి పుండు చేసికొనువారు కలరు. అట్లు చేయరాదు.

పొగాకు, పొయ్యి పొగ

ఎండ తరువాత చర్మమునకు పెద్ద హాని పొగాకు. 1985లో ఇంగ్లండునందలి డగ్లస్ మోడల్ అను వైద్యుడు ముఖమును చూచియే పొగత్రాగువారిని గుర్తించవచ్చునా యని పరిశీలించెను. పదేండ్లుగా పొగత్రాగుచున్నవారిలో ఇంచుమించు సగముమందికి కన్నుల చివరల, పెదవుల చుట్టు గీతలు, లోపలికి పోయిన బుగ్గలు, బూడిదవన్నె చర్మము ఉన్నట్లు కనుగొనెను. ఎన్నడును పొగత్రాగనివారిలో అట్టి ముఖము కానరాలేదు. పొగాకులోని నికొటిన్ చర్మమునకు రక్తము తెచ్చు సన్నని నాళములను ముడుచుకొనజేయును. రక్తము చాలని చర్మము నీరు చాలని పైరువంటిది. గాయములు, శస్త్రచికిత్స కుట్లు సైతము పొగత్రాగువారికి ఆలస్యముగా మానును.

ఉత్తరాంధ్ర తీరమున శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటిలో ఉంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటును ఇచ్చట చెప్పక తప్పదు. ఈ అలవాటునకును అంగిటి కాన్సరునకును గల సంబంధమును విశాఖపట్నపు వైద్యులు 1957లోనే ప్రకటించిరి. ఆంధ్రదేశమున పదివేలకు పైగా గ్రామీణులను పరీక్షించి చేసిన మరియొక పరిశీలన 1971లో వెలువడినది. ముఖము ముడుతలు పడుట చిన్న నష్టము. నోటిలోపలి పొర కాలి, తెల్లబడి, పుండై ప్రాణము తీయుట పెద్ద నష్టము. ఊరిలో అడ్డపొగ త్రాగు పెద్దమ్మలుండినచో ఏటికొకసారియైనను వారి అంగిలిని ఆరోగ్య కార్యకర్తచే చూపించుట పంచాయతీ చేయదగిన మేలు.

కట్టెల పొయ్యి పొగ కూడ చర్మమును ముదియజేయునని చైనా దేశమున 2015లో ప్రకటితమైన పరిశీలనలు సూచించుచున్నవి. గాలిలోని మసి వలన ముఖముపై మచ్చలు ఎక్కువగునని అంతకు ముందే, 2010లో, జర్మనీలో కనుగొనిరి. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము గ్యాసు పొయ్యిలను పేదయిండ్లకు చేర్చినవి. ఐనను సిలిండరు ఖరీదునకు వెరచి మరల కట్టెలు రాజేయు ఇండ్లు లేకపోలేదు. అట్టి చోటులందు పొయ్యికి పొగగొట్టమైనను ఉండవలెను. ఊపిరితిత్తులకు, కన్నులకు కలుగు మేలుతో పాటు చర్మమునకును మేలు కలుగును.

ముసలితనము కాని గుర్తులు

ఇక రెండవ నష్టమునకు వత్తుము. ఎండ, వయస్సు అని పొరబడుటకు వీలైన వ్యాధులను మీరు గుర్తించగలిగినచో ఎందరికో ఉపకారము చేసినవారగుదురు.

మొదట పోషకాహార లోపము. పూర్వము దక్కను పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలకు మెడచుట్టు హారమువలె, చేతుల వెనుక, పాదములపై చర్మము నల్లబడి, గరుకై, పొట్టు లేచుచుండెడిది. ఎండ తగులు చోటులందే రెండువైపుల సమానముగా కనబడుటచే ఎండదెబ్బ యనుకొనెడివారు. నిజమునకది పెల్లాగ్రా అను వ్యాధి. నయాసిన్ అను విటమిను చాలకపోవుట వలన కలుగును. దీనితో పాటు విరేచనములు, మతి మందగించుట కూడ ఉండును. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంటియా అను శాస్త్రజ్ఞులు జొన్నలో ఎక్కువగానున్న లూసిన్ అను పదార్థమునకును ఈ వ్యాధికిని సంబంధముండవచ్చునని 1960లో లోకమునకు తెలిపిరి. జొన్న మానుమని దీని అర్థము కాదు. జొన్నతో పాటు పప్పు, వేరుసెనగ, పాలు, గ్రుడ్లు, మాంసములలో వీలైనవి తినుమని అర్థము. ఈ వ్యాధి నేడు అరుదు. కాని ఒంటరి వృద్ధులలో, మితిమీరి కల్లు సారాయములు త్రాగువారిలో ఇది నేటికిని కనబడవచ్చును.

రెండవది కుష్ఠు. చుట్టునున్న చర్మముకంటె పాలిపోయిన లేక ఎఱ్ఱబారిన మచ్చ ఉండి, అచ్చట స్పర్శ తెలియకున్నచో అది వయస్సు మచ్చ కాదు, ఎండ మచ్చ కాదు. దూదిపింజతో తాకి చూచినచో తెలిసిపోవును. 1983 నుండి మనదేశమున బహుళ ఔషధ చికిత్స జరుగుచున్నది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో మందు ఉచితము. వ్యాధి తీరునుబట్టి ఆరు నెలలు లేక ఒక సంవత్సరము వాడిన నయమగును. చికిత్స ఆలస్యమైనచో వ్రేళ్ళు వంకరపోవును. అట్టి మచ్చ గలవానిని వెలివేయుట నేరమువంటిది, ఆరోగ్య కేంద్రమునకు పంపుట ధర్మము. స్పర్శ చెడని పాలవలె తెల్లని మచ్చలు బొల్లి. అది అంటువ్యాధి కాదు.

మూడవది మానని పుండు. నాలుగు వారములు దాటినను మానక, రక్తము కారుచు, అంచులు గట్టిపడిన పుండు ముఖముపై గాని, పాత కాలిన మచ్చపై గాని ఉన్నచో వెంటనే వైద్యునికి చూపవలెను. లంగా బొందు లేక పంచె బిగింపు ఏండ్ల తరబడి ఒరసినచోట నడుముపై చర్మము నల్లబడి, దళసరియై, పుండుపడుట కలదు. ఎప్పుడో ఒకప్పుడు అది కాన్సరుగా మారవచ్చును. బొందును వెడల్పుగా కుట్టించుట, వదులుగా కట్టుట, చోటు మార్చుట సులభమైన నివారణ. క్రొత్తగా పుట్టి, రంగు మారుచు, పెరుగుచున్న పుట్టుమచ్చను, ముఖ్యముగా అరికాలిలోని నల్లమచ్చను, ఉపేక్షింపరాదు.

పుట్టుకతోనే చర్మమునకు, వెంట్రుకలకు రంగులేని పిల్లలు కొన్ని ఊళ్ళలో ఉందురు. వారికి మెలనిన్ గొడుగు లేదు. ఎండ వలన కలుగు హాని వారికి చిన్ననాటనే కలుగును, కాన్సరు భయము చాల ఎక్కువ. అట్టి బిడ్డకు నిండు బట్టలు, వెడల్పు టోపీ, బడిలో నీడన కూర్చుండు చోటు, పెద్దయిన తరువాత నీడపట్టున చేయు వృత్తి ఏర్పరచుట ఊరి బాధ్యత.

అంగడి లేపనములు

ముడుతలు, మచ్చలు పోగొట్టి తెల్లబరచుదుమని చెప్పు లేపనములు నేడు పల్లె అంగడులకును వచ్చినవి. పెండ్లికెదిగిన ఆడపిల్లల తల్లిదండ్రులు వీనికై ధనము వ్యయము చేయుచున్నారు. వీనిలో కొన్నిటియందు స్టెరాయిడ్ మందు కలదు. మొదటి వారములలో ముఖము తెల్లబడి, నున్నబడినట్లుండును. కొన్ని నెలలకు చర్మము పొరవలె పలుచబడును, ఎఱ్ఱని నరములు కనబడును, మొటిమలు లేచును, మీసమువలె వెంట్రుకలు మొలచును, ఎండలోనికి పోయిన మంట పుట్టును. మానినచో మచ్చ మునుపటికంటె నల్లగా తిరిగి వచ్చును. ఇరువదేండ్ల పిల్లకు అరువదేండ్ల చర్మము వచ్చునన్నమాట. 2018లో కేంద్రప్రభుత్వము పదునాలుగు స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని ఉత్తరువు చేసినది.

మరికొన్ని లేపనములయందు పాదరసముండును. పాదరసము మూత్రపిండములను చెడగొట్టును. తల్లి పూసికొన్న లేపనము వలన బిడ్డకును హాని కలుగవచ్చును. మినమాటా ఒడంబడిక ననుసరించి 2023లో సమావేశమైన దేశములు పాదరసము కలిపిన అలంకరణ వస్తువులన్నింటిని 2025 నాటికి మానవలెనని నిశ్చయించినవి. తయారుచేసినవారి పేరు, పదార్థముల పట్టిక లేని డబ్బాను కొనరాదు.

చర్మమును నిజముగా కాపాడునది ఎండకు అడ్డుగా పూయు సన్‌స్క్రీన్ లేపనమే. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణమున 900 మందికి పైగా పాల్గొన్న పరిశీలనలో దీనిని ప్రతిదినము పూసికొన్నవారికి నాలుగున్నర ఏండ్లలో చర్మపు ముదిమి మిగిలినవారికంటె నూటికి ఇరువదినాలుగు వంతులు తక్కువగా ఉన్నట్లు 2013లో ప్రకటించిరి. కాని దినమంతయు చెమటోడ్చు కూలివారు దీనిని మాటిమాటికి పూసికొనుట ఖర్చుతో కూడిన పని. వారికి బట్టయే మంచి మందు. కూలి స్త్రీలు చీరపైన పురుషుల నిండుచేతుల చొక్కా తొడిగికొనుట మన పొలములలో వాడుకగా ఉన్నది. ఇది ఏ వైద్యుడును చెప్పకయే వారు కనుగొన్న మంచి ఉపాయము. దళసరి నేతబట్ట, ముదురురంగు బట్ట కిరణములను బాగుగా ఆపును. పలుచని తెల్లబట్ట తడిసినపుడు అంతగా ఆపజాలదు. తలపాగా నెత్తిని కాపాడును గాని చెవులను, మెడను కాపాడదు. దాని కొంగును మెడమీదికి వ్రేలాడవిడువవలెను.

వృద్ధుల చర్మమునకు సేవ

వచ్చిన ముదిమిని పోగొట్టలేకపోయినను దాని బాధను తగ్గించవచ్చును. వృద్ధులు రాత్రులు నిద్రలేక గోకికొనుటకు తరచు కారణము పొడి చర్మమే. సలసలకాగు నీళ్ళు పోయరాదు. ఒడలంతయు సబ్బు రుద్దరాదు. స్నానము చేసిన వెంటనే తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాయుట మేలు. నూనె ముడుతను పోగొట్టదు, తేమను నిలుపును. దురద తగ్గకున్నను, ఇంటిలో మరికొందరికి దురద ఉన్నను అది గజ్జి కావచ్చును. వైద్యునికి చూపవలెను.

మంచము పట్టిన వృద్ధులను రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. నడుము క్రింద, మడమల వద్ద చర్మము ఎఱ్ఱబడినదేమో చూడవలెను. పలుచని చర్మము ఒక్కరాత్రిలో పుండుపడవచ్చును. మధుమేహము గలవారి పాదములను ప్రతిదినము చూడవలెను.

మరియొక సంగతి ప్రాణముతో కూడినది. ముదిసిన చర్మము చాలినంత చెమటను పోయజాలదు. దాహము కూడ వృద్ధులకు త్వరగా తెలియదు. కనుక వడగాలులకు మొదట లోబడువారు వృద్ధులు, ఎండలో పనిచేయు కూలీలు. 2015 మే నెలలో వీచిన వడగాలులలో ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా మరణించిరి. చర్మపు ముదిమి అనునది అందమునకు సంబంధించిన మాట కాదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

పంచాయతీ చేయదగినవి

నేను చెప్పినవానిలో చాలభాగము వ్యక్తులు చేసికొనవలసినవి. కాని నీడ మాత్రము ఒక్కరు చేసికొనునది కాదు. అది ఊరుమ్మడి సొత్తు. సంతలో కూరలమ్ము స్త్రీకి, బస్సుకై నిలుచు ముసలివానికి, కళ్ళములో ధాన్యమెత్తు కూలికి, చేపలెండబెట్టు జాలరి ఆడవారికి నీడ కల్పించుట పంచాయతీ పని.

సంతబయలున, బస్సు ఆగుచోట, రేవున, శ్మశానమున కప్పు వేయింపవలెను. ధనము చాలనిచో తాటాకు పందిరియైనను చాలును. ఊరి బాటల వెంబడి వేప, కానుగ, చింత మొక్కలు నాటి, నాటిన లెక్కకంటె బ్రతికిన లెక్కను ఏటేట సభలో చదివించవలెను. 2005 నాటి ఉపాధి హామీ చట్టము పనిచోట విశ్రాంతికి నీడ, త్రాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెనని నిర్దేశించినది. పథకముల పేర్లు మారవచ్చును గాని కూలివాని నెత్తిపై సూర్యుడు మారడు. మీ ఊరిలో ఏ పని జరిగినను ఈ మూడును ఉన్నవో లేవో స్వయముగా పోయి చూడుడు. వేసవిలో పనివేళలను తెల్లవారుజామునకు జరిపి, నీడ పొట్టిపడునప్పటికి పని ముగించునట్లు ఏర్పాటు చేయుడు. బడిలో ఆటల గంట మధ్యాహ్నము పెట్టవలదని ఉపాధ్యాయులతో మాటలాడుడు. చిన్నతనమున తగిలిన ఎండ హాని పెద్దతనమున బయటపడును.

ఏటికి రెండుసార్లు ఆరోగ్య కేంద్రపు వైద్యుని పిలిపించి చర్మ పరీక్షా దినము నడపుడు. స్పర్శలేని మచ్చలు, మానని పుండ్లు, నోటిలోని తెల్లపొరలు, మధుమేహ పాదములు, ఈ నాలుగింటిని చూచిన చాలును. స్త్రీలను పరీక్షించుటకు ఆశా కార్యకర్తను, నర్సును వెంట ఉంచవలెను. వేసవి వచ్చునప్పటికి ఊరిలోని ఒంటరి వృద్ధుల పట్టిక ఒకటి తయారుచేసి, వార్డుకొక సభ్యుడు ఉదయము, సాయంత్రము వారిని పలుకరించు ఏర్పాటు చేయుడు.

సభ్యులారా, వయస్సు మనయందరి చర్మముపై తన గీతలను గీయును. దానిని గూర్చి విచారింపవలసినది లేదు. కాని ఆ గీతల ప్రక్కన ఎండ గీసినవి, పొగ గీసినవి, ఆకలి గీసినవి కూడ ఉన్నవి. వీనిని చెరపుట కష్టము, పడకుండ ఆపుట సులభము. వచ్చు పంచాయతీ సమావేశపు కార్యక్రమ పట్టికలో ఊరిలో నీడలేని చోటులు అను అంశమును చేర్చుడని మిమ్ము కోరుచు ముగించుచున్నాను.